అమెరికా రెసిడెన్సీ కోసం ఎలక్టివ్: ఏ హాస్పిటల్, ఏ డిపార్ట్‌మెంట్, ఎప్పుడు?

మన దగ్గర పీజీ సీటు కావాలంటే నీట్ పీజీ ర్యాంకు వస్తే చాలు. ఏ వార్డులో ఎంత బాగా పనిచేశారో కౌన్సెలింగ్‌లో ఎవరూ అడగరు. అందుకే మన కాలేజీల్లో ఎలక్టివ్ (విద్యార్థి తను ఎంచుకున్న డిపార్ట్‌మెంట్‌లో కొన్ని వారాలు గడపడం) అంటే చాలామందికి కాస్త ఊపిరి పీల్చుకునే సమయం. అమెరికాలో రెసిడెన్సీ, అంటే అక్కడి పీజీ సీటు, కేటాయించే మ్యాచ్‌కి వెళ్లేవాళ్లకి మాత్రం అక్కడ ఎలక్టివ్ చేసే నాలుగు వారాలే అప్లికేషన్‌లో అందరికంటే ముందు చదివే పేజీ కావచ్చు.

కారణం తెలిసిందే. అక్కడి లైసెన్స్ పరీక్షల్లో (యూఎస్‌ఎంఎల్‌ఈ) మొదటిదైన స్టెప్ 1, 2022 జనవరి నుంచి పాస్ లేదా ఫెయిల్ మాత్రమే అయింది. అంతకు ముందు ఏడాదే పేషెంట్‌తో మెలిగే తీరు చూసే స్టెప్ 2 సీఎస్ పరీక్ష ఎత్తేశారు. ఇక రెసిడెన్సీ నడిపే ప్రోగ్రామ్ డైరెక్టర్ చేతిలో మిగిలిన ముఖ్యమైన అంకె స్టెప్ 2 సీకే (క్లినికల్ నాలెడ్జ్ పరీక్ష) స్కోరు. ఆ స్కోరు మంచిగా ఉన్నవాళ్లు వందల్లో ఉంటారు. వాళ్లలో ఎవరిని ఇంటర్వ్యూకి పిలవాలో తేల్చేది రికమెండేషన్ లెటర్లు, అమెరికాలో క్లినికల్ అనుభవం. అమెరికా పౌరసత్వం లేని విదేశీ గ్రాడ్యుయేట్లలో మ్యాచ్ అయినవాళ్లు 2023 నుంచి 2025 దాకా 58, 59 శాతం దగ్గర తిరిగారు. అక్కడి ఎండీ కాలేజీల ఫైనలియర్ వాళ్లకి అది 93 శాతం పైనే. ఈ తేడా చూశాకే ఎలక్టివ్ విషయంలో అందరికీ టెన్షన్ మొదలవుతుంది, ఆ టెన్షన్‌లోనే తప్పు చోట డబ్బు కడతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హాస్పిటల్ పేరు తర్వాత చూసుకోవచ్చు, మీ పని దగ్గరుండి చూసి లెటర్ రాసే మనిషి అక్కడ ఉన్నారా లేదా అన్నది ముందు చూడండి. కింద చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఏం చూసి ఎంచుకోవాలి

మొదటిది లెటర్. ఇరాస్‌లో (రెసిడెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే వ్యవస్థ) ఒక్కో ప్రోగ్రామ్‌కి నాలుగు లెటర్ల దాకా పంపొచ్చు. వాటిలో కనీసం రెండు, వీలైతే మూడు, మీరు అప్లై చేసే స్పెషాల్టీలో అమెరికా డాక్టర్లు రాసినవై ఉండాలి. మ్యాచ్ నడిపే సంస్థ ఎన్‌ఆర్‌ఎంపీ ప్రోగ్రామ్ డైరెక్టర్లని అడిగి చేసే సర్వేల్లో స్పెషాల్టీకి సంబంధించిన లెటర్ ఎప్పుడూ పై వరుసలోనే ఉంటూ వచ్చింది.

అయితే లెటర్లన్నీ ఒకటి కావు. "ఈ విద్యార్థి మా దగ్గర నాలుగు వారాలు ఉన్నారు, టైముకి వచ్చారు, మర్యాదగా మెలిగారు, మంచి భవిష్యత్తు ఉంది" అని రాసిన లెటర్ వచ్చినా రాకపోయినా ఒకటే. అదే "మొదటి వారంలో ఇద్దరు పేషెంట్లని చూసేవారు, మూడో వారానికి నలుగురిని చూస్తూ ప్లాన్ కూడా తనే చెప్పారు, మా ఇంటర్న్ స్థాయిలో పనిచేశారు, మా ప్రోగ్రామ్‌లోకి సంతోషంగా తీసుకుంటాం" అని రాస్తే చదివేవాళ్లు అక్కడ ఆగుతారు. (అక్కడ ఇంటర్న్ అంటే మొదటి ఏడాది రెసిడెంట్.) రెండో రకం లెటర్ రావాలంటే రాసే డాక్టర్ మిమ్మల్ని కనీసం రెండు వారాలు, రోజూ చూసి ఉండాలి. ఎలక్టివ్ ఎంపికలో మిగతా లెక్కలన్నీ ఈ రెండు వారాల నుంచే పుడతాయి.

రెండోది, చేతులతో పని చేయనిస్తారా అన్నది. హిస్టరీ తీసుకోవడం, పరీక్ష చేయడం, రౌండ్స్‌లో ప్రెజెంట్ చేయడం, కంప్యూటర్‌లో నోట్ రాయడం ఉంటేనే అది ఎలక్టివ్. వెనక నిలబడి చూడటం అబ్జర్వర్‌షిప్. "అబ్జర్వర్‌షిప్‌లని లెక్కలోకి తీసుకోం" అని వెబ్‌సైట్‌లోనే రాసుకున్న ప్రోగ్రాములు చాలా ఉన్నాయి.

మూడోది, ఆ హాస్పిటల్‌లో మీ స్పెషాల్టీ రెసిడెన్సీ ఉందా, ఉంటే విదేశీ గ్రాడ్యుయేట్లని తీసుకుంటుందా, వీసా స్పాన్సర్ చేస్తుందా అన్నది. దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ప్రోగ్రామ్ వెబ్‌సైట్‌లో ప్రస్తుత రెసిడెంట్ల పేజీ తెరిచి ఎవరు ఏ కాలేజీ నుంచి వచ్చారో చూడండి. ముప్పై మందిలో ఒక్కరు కూడా బయటి దేశం కాలేజీ నుంచి లేకపోతే, అక్కడ మీరు ఎంత బాగా చేసినా లెటర్ వస్తుందే తప్ప సీటు రావడం కష్టం. ఇండియన్ కాలేజీల పేర్లు ఐదారు కనిపిస్తే అక్కడ నెల గడపడం రెండు విధాలా పనికొస్తుంది.

టైము, ఖర్చు కూడా ఉన్నాయి. వాటి గురించి చివర్లో వివరంగా చెబుతాను, ఎందుకంటే మన కాలేజీల నుంచి వెళ్లేవాళ్లకి అసలు చిక్కు అక్కడే.

ఉన్న దారులు పక్కపక్కన పెడితే

| దారి | లెటర్ బలం | చేతులతో పని | సీటుకి దగ్గర చేస్తుందా | ఎవరికి |
|---|---|---|---|---|
| పెద్ద యూనివర్సిటీ హాస్పిటల్ ఎలక్టివ్ | పేరు బరువు, విషయం పలచన అయ్యే ప్రమాదం | ఉంటుంది, చోటుని బట్టి | అక్కడే సీటు అరుదు, బయట పనికొస్తుంది | స్కోరు బాగున్న ఫైనలియర్ వాళ్లు |
| రెసిడెన్సీ ఉన్న కమ్యూనిటీ హాస్పిటల్ | సాధారణంగా అన్నిటికంటే మెరుగు | బాగా ఉంటుంది | అవును | ఎక్కువమందికి |
| ప్రైవేట్ క్లినిక్, డబ్బు తీసుకుని చోటు చూపే ఏజెన్సీల రొటేషన్ | డాక్టర్‌ని బట్టి | చెప్పింది ఒకటి, జరిగేది ఒకటి కావచ్చు | తక్కువ | ఇంకో దారి లేని గ్రాడ్యుయేట్లు |
| హాస్పిటల్ అబ్జర్వర్‌షిప్ | మధ్యస్థం | ఉండదు | ప్రోగ్రామ్ ఉన్నచోట కొంత | గ్రాడ్యుయేట్లు, పాథాలజీ వాళ్లు |
| రీసెర్చ్ పొజిషన్ | నెలలు గడిస్తే చాలా బలం | క్లినికల్‌గా ఉండదు | అదే డిపార్ట్‌మెంట్‌లో అయితే అవును | న్యూరాలజీ, సర్జరీ, పోటీ ఎక్కువున్నవి |

పెద్ద పేరున్న యూనివర్సిటీ

అందరూ ముందు చూసేది ఇదే. సీవీలో ఆ పేరు కనబడితే ఇంటర్వ్యూలో కూడా దాని గురించే అడుగుతారు. అక్కడ చూసే కేసులు, కాన్ఫరెన్సులు, చదువు వాతావరణం నిజంగానే గొప్పగా ఉంటాయి. నేను కాదనను.

చిక్కు ఎక్కడంటే, అక్కడ మీరు ఒక్కరే విద్యార్థి కారు. టీమ్‌లో అటెండింగ్ (టీమ్‌కి పెద్దయిన సీనియర్ డాక్టర్), ఫెలో (సూపర్ స్పెషాల్టీ ట్రైనీ), సీనియర్ రెసిడెంట్, ఇద్దరు ఇంటర్న్‌లు, వాళ్ల సొంత కాలేజీ విద్యార్థులు ఇద్దరు, ఆ తర్వాత మీరు. పైగా అటెండింగ్ వారానికో, రెండు వారాలకో మారిపోతారు. కన్సల్ట్ సర్వీసుల్లో (వేరే టీమ్‌లు పిలిస్తే వెళ్లి సలహా ఇచ్చేవి) అయితే వారం వారం మారడం మామూలే. నాలుగు వారాల్లో నలుగురు అటెండింగ్‌లు చూస్తే ఏ ఒక్కరూ మిమ్మల్ని గట్టిగా గుర్తుపెట్టుకోరు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు, లెటర్‌హెడ్ మీద గొప్ప యూనివర్సిటీ ముద్ర, కింద మూడు పొడి వాక్యాలు.

దీనికి మందు ఉంది. ఎలక్టివ్ చోటు ఖరారు కాగానే కోఆర్డినేటర్‌కి మెయిల్ రాసి, మీ తేదీల్లో అటెండింగ్ షెడ్యూల్ అడగండి. వీలైతే ఒకే అటెండింగ్ రెండు వారాలు వరుసగా ఉన్న బ్లాక్ ఇమ్మనండి. చాలామంది అడగరు కాబట్టి వాళ్లూ చెప్పరు.

ఇలాంటి చోట్లకి దారి రెండు రకాలు. కొన్ని వీఎస్‌ఎల్‌ఓ (బయటి కాలేజీల విద్యార్థులు ఎలక్టివ్‌లకి దరఖాస్తు చేసే నెట్‌వర్క్) ద్వారా తీసుకుంటాయి, దానికి మీ కాలేజీ కూడా ఆ నెట్‌వర్క్‌లో ఉండాలి. మన ప్రభుత్వ కాలేజీల్లో చదివేవాళ్లు ముందు ఆ సంగతి డీన్ ఆఫీసులో కనుక్కోవాలి. మరికొన్ని యూనివర్సిటీలు విదేశీ విద్యార్థుల నుంచి నేరుగా దరఖాస్తులు తీసుకుంటాయి, వాటిలో కొన్నిటికి నెలకి ఫీజే వేల డాలర్లు ఉంటుంది.

కమ్యూనిటీ టీచింగ్ హాస్పిటల్

ఇంటర్నల్ మెడిసిన్, ఫ్యామిలీ మెడిసిన్, పీడియాట్రిక్స్, సైకియాట్రీ వైపు వెళ్లేవాళ్లకి నా ఓటు దీనికే. న్యూయార్క్, న్యూజెర్సీ, మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా లాంటి చోట్ల యూనివర్సిటీకి అనుబంధంగా ఉండి సొంతంగా రెసిడెన్సీ నడిపే హాస్పిటళ్లు చాలా ఉన్నాయి. వాటిలో చాలామంది రెసిడెంట్లు మనలాంటి కాలేజీల నుంచి వచ్చినవాళ్లే. మీ పేరు పలకడం కూడా వాళ్లకి కష్టం కాదు.

ఇక్కడ ప్రోగ్రామ్ డైరెక్టరో, అసోసియేట్ డైరెక్టరో స్వయంగా వార్డులో అటెండింగ్‌గా దిగుతుంటారు. మీరు రౌండ్స్‌లో ప్రెజెంట్ చేసిన కేసు వాళ్లు నేరుగా వింటారు. ఆ లెటర్ వాళ్లు రాస్తే, తర్వాత ఎవరిని ముందు తీసుకోవాలో ర్యాంక్ లిస్టు వేసే గదిలో కూడా వాళ్లే కూర్చుంటారు.

రౌండ్స్ అంటే ఏంటో ఒక ఉదాహరణ. హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరిన పేషెంట్, మూడో రోజు పొద్దున. మన అలవాటు ప్రకారం చీఫ్ కంప్లయింట్ నుంచి మొదలుపెట్టి ఫ్యామిలీ హిస్టరీ దాకా అప్పజెప్పేస్తే అర నిమిషంలో అటెండింగ్ చూపు కంప్యూటర్ మీదకి పోతుంది. అదే "రాత్రి ఆయాసం లేదు, పడుకుని నిద్రపోయారు. నిన్నటి నుంచి నెట్ రెండు లీటర్లు బయటికి పోయింది, బరువు తగ్గింది, కాళ్ల వాపు మడమల దాకే ఉంది, ఊపిరితిత్తులు క్లియర్. క్రియాటినిన్ 1.1 నుంచి 1.4 కి పెరిగింది. అందుకని ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ ఆపి నోటి మాత్రకి మార్చి, రేపు పొద్దున ల్యాబ్స్ చూద్దామనుకుంటున్నా" అన్నారనుకోండి. ప్లాన్ తప్పయినా పర్లేదు. ఆలోచించి చెప్పారన్నది లెటర్‌లోకి వెళ్తుంది. పెద్ద యూనివర్సిటీలో ఈ మాట చెప్పే అవకాశం మీ దాకా రాకుండా మధ్యలో ఇద్దరు ఉంటారు. ఇక్కడ మీకే వస్తుంది.

న్యూయార్క్ గురించి ఒక్క మాట. ఆ రాష్ట్రం ప్రత్యేకంగా ఆమోదించని విదేశీ కాలేజీల విద్యార్థులకి అక్కడ మొత్తం క్లర్క్‌షిప్ (హాస్పిటల్‌లో విద్యార్థిగా పనిచేసే సమయం) 12 వారాలకి మించకూడదన్న నిబంధన ఉంది. నాలుగైదు నెలలు అక్కడే ఉందామనుకునేవాళ్లు ముందే చూసుకోవాలి.

ఏజెన్సీలు, ప్రైవేట్ క్లినిక్‌లు

"హ్యాండ్స్-ఆన్ ఎక్స్‌టర్న్‌షిప్, లెటర్ గ్యారంటీ" అని ప్రకటన కనిపిస్తే జాగ్రత్తపడండి. గ్యారంటీగా వచ్చే లెటర్‌ని చదివేవాళ్లు కూడా అలాగే చదువుతారు. ఒకే డాక్టర్, ఏడాదికి డెబ్బై మందికి, ఒకే రకం వాక్యాలతో రాసిన లెటర్లు ప్రోగ్రాములకి వస్తుంటాయి. వాళ్లకి ఆ పేరు గుర్తుంటుంది, మీ పేరు కాదు.

ఇంకో సంగతి వీసా. విదేశీ మెడికల్ కాలేజీలో చదువుతూ, జీతం లేకుండా, అమెరికా మెడికల్ కాలేజీ హాస్పిటల్‌లో ఎలక్టివ్ క్లర్క్‌షిప్ చేయడానికి బీ-1 వీసా ఇస్తారు. డిగ్రీ అయిపోయాక విజిటర్ వీసా మీద వెళ్లి పేషెంట్లకి చేతులతో చికిత్స చేయడం వేరే విషయం. క్లినిక్ వాళ్లు "ఏం పర్లేదు" అన్నంత మాత్రాన పర్లేదు అనుకోవద్దు. మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ ఎవరు ఇస్తున్నారో కాగితం మీద అడగండి. సమాధానం తిప్పి తిప్పి చెబితే ఆ డబ్బు మిగుల్చుకోండి.

అలాగని క్లినిక్‌లన్నీ వృథా అనను. ఫ్యామిలీ మెడిసిన్‌కో, సైకియాట్రీకో వెళ్లేవాళ్లు, అదే ఊళ్లో రెసిడెన్సీకి ఫ్యాకల్టీగా ఉన్న డాక్టర్ క్లినిక్‌లో నెల కూర్చుంటే ఔట్‌పేషెంట్ పని ఎలా ఉంటుందో తెలుస్తుంది. అసలు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఆ డాక్టర్‌కి ఏ రెసిడెన్సీతోనైనా సంబంధం ఉందా?

ఏ డిపార్ట్‌మెంట్?

చోటు తర్వాత వచ్చే ప్రశ్న ఇది. ఇంటర్నల్ మెడిసిన్‌కి అప్లై చేసేవాళ్లలో చాలామంది కార్డియాలజీ ఎలక్టివ్ కోసం పట్టుబడతారు. రేపు కార్డియాలజిస్టు అవ్వాలన్న కోరిక మంచిదే. కానీ మ్యాచ్ జరిగేది ఇంటర్నల్ మెడిసిన్‌కి. వార్డు మెడిసిన్ చేస్తే మీరు ఇంటర్న్‌గా ఎలా ఉంటారో కనిపిస్తుంది. కార్డియాలజీ కన్సల్ట్‌లో ఈసీజీ బాగా చదువుతారని తెలుస్తుంది, అంతే. రెండు నెలలు దొరికితే ఒకటి జనరల్ వార్డు, రెండోది ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ లేదా నెఫ్రాలజీ లాంటి కన్సల్ట్ సర్వీసు తీసుకోండి. ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్‌లో ఒక్కో పేషెంట్ చార్ట్ లోతుగా తవ్వాలి కాబట్టి విద్యార్థి పని కంటికి ఆనుతుంది.

సబ్-ఇంటర్న్‌షిప్ దొరికితే వదలొద్దు. అందులో ఇంటర్న్ చేసే పనే మీతో చేయిస్తారు. అయితే చాలా చోట్ల దాన్ని విదేశీ విద్యార్థులకి ఇవ్వరు. ఐసీయూ చూడటానికి బాగుంటుంది, కానీ అక్కడ విద్యార్థికి సొంత నిర్ణయాలు తక్కువ. ప్రెజెంటేషన్ బాగా వచ్చాక రెండో నెలకి అయితే సరే.

సైకియాట్రీకి వెళ్లేవాళ్లు ఇన్‌పేషెంట్ యూనిట్ ఉన్న చోటు చూసుకోండి. మాట, యాస, వినే తీరు అక్కడ రోజూ పరీక్షకి వస్తాయి. ఇంగ్లిష్‌లో పేషెంట్‌తో మాట్లాడగలరన్న నమ్మకం లెటర్‌లో కనబడటం ఈ స్పెషాల్టీలో చాలా ముఖ్యం.

పాథాలజీ లెక్క వేరు. అక్కడ పేషెంట్ ముందు ఉండరు కాబట్టి ఎలక్టివ్‌కీ అబ్జర్వర్‌షిప్‌కీ పెద్ద తేడా ఉండదు. అటెండింగ్‌తో కలిసి మల్టీహెడ్ మైక్రోస్కోప్ దగ్గర సైన్‌ఔట్‌లో (రిపోర్టు ఖరారు చేసే సమయం) కూర్చోవడం, గ్రాసింగ్ (శాంపిల్‌ని పరిశీలించి కోసే పని) చూడటం, ముందు రాత్రే స్లైడ్లు చూసుకుని మీ డయాగ్నసిస్ చెప్పడం. గ్రాడ్యుయేట్ అయిపోయినవాళ్లకి తలుపులు తెరిచి ఉన్న స్పెషాల్టీల్లో ఇదొకటి.

ఎమర్జెన్సీ మెడిసిన్‌కి స్లో అనే ప్రత్యేక నమూనా లెటర్ కావాలి. అది ప్రధానంగా ఆ స్పెషాల్టీ రెసిడెన్సీ ఉన్న చోట రొటేషన్ చేస్తే వస్తుంది, విదేశీ విద్యార్థికి ఆ రొటేషన్ దొరకడమే కష్టం. సర్జరీ వైపు వెళ్లేవాళ్లకి నెల ఎలక్టివ్ సాధారణంగా చాలదు, ఏడాదో రెండేళ్లో రీసెర్చ్ చేసినవాళ్లతో పోటీ పడాలి. ప్రిలిమినరీ సీటు ఒక్క ఏడాదిదే అని కూడా గుర్తుంచుకోండి. రేడియాలజీ ఎలక్టివ్ లెటర్ కోసం అయితే వద్దు, చీకటి గదిలో వెనక కూర్చున్నవాళ్ల గురించి రాయడానికి ఏమీ ఉండదు.

మీరు ఎక్కడున్నారన్నదాన్ని బట్టి

ఫైనలియర్‌లో ఉన్నవాళ్లకి అన్ని తలుపులూ తెరిచి ఉంటాయి. చాలా హాస్పిటళ్లు స్టెప్ 1 పాస్ అయి ఉండాలంటాయి, కాబట్టి ఆ పరీక్ష ముందే ముగించండి. 2019లో సీబీఎంఈ అనే కొత్త కరికులంతో మన ఎంబీబీఎస్‌లోనూ ఎలక్టివ్ సమయం వచ్చింది. కానీ ఆ తేదీలు కాలేజీ, యూనివర్సిటీ నిర్ణయిస్తాయి, అమెరికా వాళ్లు సాధారణంగా నాలుగు వారాల బ్లాక్ ఇస్తారు. రెండూ కలవకపోతే థియరీకి 75, ప్రాక్టికల్స్‌కి 80 శాతం అటెండెన్స్ లెక్క మీ మెడ మీద ఉంటుంది. ఫైనల్ పరీక్షకీ ఇంటర్న్‌షిప్ మొదలయ్యే రోజుకీ మధ్య దొరికే ఖాళీని వాడుకునేవాళ్లు అందుకే ఎక్కువ.

ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవాళ్ల సంగతి కాస్త గజిబిజి. మనకి ఇంటర్న్‌షిప్ అయ్యాకే డిగ్రీ చేతికొస్తుంది కాబట్టి కొన్ని అమెరికా సంస్థలు ఇంటర్న్‌ని విద్యార్థిగానే చూస్తాయి, కొన్ని చూడవు. దరఖాస్తు ఫీజు కట్టక ముందే మెయిల్‌లో రాతపూర్వకంగా అడగాలి. ఇక ఇక్కడ ఇంటర్న్‌షిప్ నిబంధనల ప్రకారం ఏడాదికి సెలవు 15 రోజులే. నాలుగు వారాలు వెళ్తే మిగతా రోజులు ఇంటర్న్‌షిప్ పొడిగిస్తారు. ఆ పొడిగింపు వల్ల కంప్లీషన్ సర్టిఫికెట్ ఎప్పుడొస్తుందో, రెసిడెన్సీ మొదలయ్యే జులైకి ముందు కాగితాలన్నీ చేతికొస్తాయో లేదో లెక్క వేసుకోండి.

గ్రాడ్యుయేట్ అయిపోయినవాళ్లకి అసలైన ఎలక్టివ్‌లు చాలావరకు మూసుకుపోతాయి. అబ్జర్వర్‌షిప్ లేదా రీసెర్చ్ మిగులుతాయి. పాసై రెండేళ్లయినవాళ్లకి నా సలహా, రెసిడెన్సీ ఉన్న హాస్పిటల్‌లో రెండు అబ్జర్వర్‌షిప్‌లు, అంతకు మించి వద్దు. ఐదేళ్లు దాటినవాళ్లకి గ్రాడ్యుయేషన్ సంవత్సరం ఫిల్టర్లే (పాసైన ఏడాది చూసి అప్లికేషన్‌ని ముందే పక్కన పెట్టే వడపోత) పెద్ద అడ్డు, అందుకని అంత పాత బ్యాచ్‌లని చూసే ప్రోగ్రాముల జాబితా ముందు తయారుచేసుకుని, ఆ జాబితాలో ఉన్న చోట్లలోనే అబ్జర్వర్‌షిప్ వెతకాలి.

స్టెప్ 2 సీకేలో ఫెయిలై మళ్లీ రాసినవాళ్లు ఎలక్టివ్‌తో దాన్ని కప్పెట్టొచ్చని అనుకోవద్దు. చాలాచోట్ల ఫిల్టర్ దాటకపోతే లెటర్ ఎవరూ తెరవరు. మిమ్మల్ని మనిషిగా తెలిసిన ప్రోగ్రామ్ ఒకటో రెండో ఉంటేనే ఆ గోడ దాటడం సాధ్యం. కాబట్టి ఊరూరా తిరగకుండా ఒకేచోట రెండు నెలలు ఉండటం వీళ్లకి మేలు.

డబ్బు కటకటగా ఉంటే ఒక్క నెలే చేయండి, మంచి చోట చేయండి. ఫీజు లేకపోయినా టికెట్, అద్దె, తిండి, ఇన్సూరెన్స్ కలిపి మూడు లక్షల లోపు తేలడం కష్టం. బంధువుల ఇల్లు ఉన్న ఊరు వెతుక్కోవడం సిగ్గుపడాల్సిన పనేం కాదు. ఆ ఊళ్లో నెల ఉన్నారన్నది ఇరాస్‌లో ప్రాంతం ఎంచుకునేటప్పుడు, "మా ఊరికే ఎందుకు రావాలనుకుంటున్నారు" అన్న ఇంటర్వ్యూ ప్రశ్నకి కూడా పనికొస్తుంది. ఉస్మానియా, గాంధీ, గుంటూరు, రంగరాయ లాంటి కాలేజీల పూర్వ విద్యార్థులు అమెరికా అంతా ఉన్నారు. వాళ్లకి రాసేటప్పుడు "సార్, ఏదైనా ఎలక్టివ్ ఇప్పించండి" అని రాయకండి. ఏ తేదీలు, ఏ డిపార్ట్‌మెంట్, స్టెప్‌లు ఎక్కడిదాకా వచ్చాయి, ఏం కావాలి, ఇవి నాలుగు వాక్యాల్లో రాసి సీవీ జతచేస్తే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

తేదీలు, కాగితాలు

ప్రోగ్రాములు అప్లికేషన్లు చూడటం సెప్టెంబరు చివర్లో మొదలవుతుంది, ఫలితం తెలిసే మ్యాచ్ డే మార్చి మూడో శుక్రవారం. అంటే ఎలక్టివ్ జులై లోపు ముగిస్తే లెటర్ ఆగస్టుకి వస్తుంది. జులై నుంచి అక్టోబరు దాకా అమెరికా విద్యార్థులే తమ ముఖ్యమైన ఎలక్టివ్‌లు చేస్తారు, సీట్లకి తొక్కిసలాట. పైగా జులైలో ఇంటర్న్‌లు కొత్తగా చేరతారు, వాళ్లకే దారి తెలియదు. జనవరి నుంచి మే దాకా విదేశీ విద్యార్థులకి చోటు దొరకడం తేలిక. రెండు నెలలు చేస్తుంటే మొదటిది మీకు అంత ముఖ్యం కాని చోట చేసి ఆ సిస్టమ్ అలవాటు చేసుకోండి, సీటు కావాలనుకుంటున్న చోటుకి రెండో నెల వెళ్లండి.

దరఖాస్తు కనీసం ఆరేడు నెలల ముందు పెట్టాలి. వీసా అపాయింట్‌మెంట్‌కే నెలలు పట్టొచ్చు, ఆఫర్ లెటర్ రాగానే స్లాట్ వెతకండి. వీసా ఇంటర్వ్యూలో "అక్కడ పేషెంట్లకి వైద్యం చేస్తారా" అని అడిగితే తడుముకోకుండా, మీ ఎంబీబీఎస్‌లో భాగంగా జీతం లేని క్లర్క్‌షిప్ అని, సూపర్‌విజన్‌లో అని చెప్పగలగాలి.

కాగితాల్లో అందరినీ ఆఖరి నిమిషంలో ఇరికించేది టీకాల ఫారం. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్, హెపటైటిస్ బీలకి యాంటీబాడీ టైటర్లు (రక్తంలో యాంటీబాడీలు ఎంతున్నాయో చెప్పే పరీక్షలు) అడుగుతారు. హెపటైటిస్ బీ టైటర్ తక్కువొస్తే మళ్లీ డోసులు వేయించుకోవాలి, దానికి నెలలు పడుతుంది. టీబీకి చర్మం మీద చేసే పరీక్ష బదులు క్వాంటిఫెరాన్ రక్త పరీక్ష చేయించండి. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్న మనకి చర్మ పరీక్ష ఊరికే పాజిటివ్ వచ్చి, ఎక్స్‌రే, సంజాయిషీ అంటూ కథ సాగుతుంది. ప్రిన్సిపాల్ సంతకం పెట్టాల్సిన ఫారాలు అన్నీ ఒకేసారి పట్టుకెళ్లండి, ఆఫీసు సీలు ప్రతి పేజీ మీదా వేయించుకోండి.

రెసిడెన్సీ వీసా విషయం కూడా ఎలక్టివ్ ఎంపికలోనే చూసుకోవాలి. ఎక్కువ ప్రోగ్రాములు జే-1 (ఎక్స్చేంజ్ విజిటర్ వీసా) మాత్రమే ఇస్తాయి. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) కావాలంటే పిటిషన్ వేసే లోపు స్టెప్ 3 పాస్ కావాలి, పైగా 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల చెల్లింపు ప్రకటించాక దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయడం రిస్క్. ఇంటర్నల్ మెడిసిన్‌లో ఇప్పుడు సిగ్నళ్లు (ఏ ప్రోగ్రాముల మీద ఎక్కువ ఆసక్తో అప్లికేషన్‌లో చెప్పే గుర్తులు) 15 ఉంటాయి, 3 గోల్డ్, 12 సిల్వర్. ఎలక్టివ్ చేసిన చోట వీసా, ఫిల్టర్లు సరిపోతే గోల్డ్ ఒకటి దానికే పెట్టండి. నెల రోజులు వచ్చి పనిచేసి సిగ్నల్ పంపకపోతే ఆసక్తి లేదనే అనుకుంటారు.

లెటర్ అడగడం

రెండో వారం చివర్లో అటెండింగ్‌ని పక్కకి పిలిచి "నేను ఎక్కడ మెరుగవ్వాలి" అని కనుక్కోండి. చెప్పింది మూడో వారంలో చేసి చూపించండి. ఆఖరి వారం సోమ, మంగళవారాల్లోనే, చివరి రోజు దాకా ఆగకుండా, "నాకు బలమైన లెటర్ రాయగలనని మీకు అనిపిస్తోందా" అని అడగండి. నసుగుతున్నట్టు అనిపిస్తే థ్యాంక్స్ చెప్పి వేరేవాళ్లని చూసుకోవడం మంచిది. సరే అంటే సీవీ, పర్సనల్ స్టేట్‌మెంట్ డ్రాఫ్ట్, మీరు చూసిన పేషెంట్లలో మూడు నాలుగు కేసుల చిన్న జాబితా పేర్లు లేకుండా ఇవ్వండి. మూడు నెలల తర్వాత రాయడానికి కూర్చునేటప్పుడు వాళ్లకి ఆ జాబితానే ఆధారం. లెటర్ చూసే హక్కు వదులుకున్నట్టు ఇరాస్‌లో టిక్ పెట్టండి, పెట్టకపోతే ఆ లెటర్‌ని ఎవరూ పూర్తిగా నమ్మరు.

ఇరాస్ సీజన్ తెరుచుకున్నాక లెటర్ రిక్వెస్ట్ ఫారం మీ అకౌంట్ నుంచి తీసి డాక్టర్‌కి పంపాలి. జులైలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి గుర్తుచేయండి. సెప్టెంబరు మొదటి వారానికీ అప్‌లోడ్ కాకపోతే డాక్టర్‌ని కాకుండా డిపార్ట్‌మెంట్ కోఆర్డినేటర్‌ని పలకరించండి, చాలా చోట్ల ఆ ఫైల్ ఎక్కించేది వాళ్లే.